యాస మార్చుకోని గొంతు

మొదటి సంవత్సరం ఫిజిక్స్ సెమినార్లో నాకు పడిన అంశం అనునాదం. రెండు రాత్రులు కూచుని తయారయ్యాను. లెక్కలన్నీ సరిగ్గానే వేశాను. కాని బోర్డు ముందు నిలబడి మొదటి వాక్యంలోనే చెప్తాను అనడానికి బదులు సెప్తాను అన్నాను. వెనక బెంచీల నుంచి నవ్వు లేచింది. ఆ తర్వాత నేనేం మాట్లాడానో నాకే గుర్తులేదు. ధ్వని గురించి చెప్పడానికి వెళ్ళినవాడి ధ్వనే నవ్వులపాలయింది. మాది వంశధార కాలువ కింద నాలుగెకరాల మాగాణి మీద బతికే కుటుంబం. మా ఇంట్లో అందరం సెప్తాం, అందరం ఎల్తాం. అందులో నవ్వవలసినది ఏమైనా ఉందని ఆ రోజు దాకా నాకు తెలీదు. ఆ తర్వాత దాదాపు రెండేళ్ళు నలుగురి ముందు నేను నోరు విప్పలేదు.

ఈ ఏడు ఆటల పోటీలకి మైకు దగ్గర కూచుని మాట్లాడే మనిషి కావాలని మా స్పోర్ట్స్ సెక్రటరీ నన్ను అడిగాడు. క్రికెట్ లెక్కలు నాకు తెలిసినంతగా హాస్టల్లో ఇంకెవరికీ తెలీవని అతని నమ్మకం. నావల్ల కాదని తప్పుకున్నాను. ఆ వారం ఊరు వెళ్ళినప్పుడు ఈ ముక్క తాతతో అన్నాను. తాత కారణం అడగలేదు. 1971 సంగతి ఎత్తాడు. ఆ ఏడు ఆగస్టులో లండన్ ఓవల్ మైదానంలో మన జట్టు ఇంగ్లండుని ఇంగ్లండు గడ్డ మీద మొదటిసారి ఓడించింది. చంద్రశేఖర్ ఆరు వికెట్లు తీశాడు. గెలుపు ఫోరు కొట్టింది మన హైదరాబాదు సయ్యద్ ఆబిద్ అలీ. ఆ మ్యాచ్ రోజుల్లో తాత ఊరి మాస్టారి అరుగు మీద ట్రాన్సిస్టర్ చుట్టూ మూగిన జనంలో ఉన్నాడట. తాతకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా అందులో ఒక గొంతు ఇప్పటికీ గుర్తుందన్నాడు. బరువుగా, తొందర లేకుండా, గట్టు మీద కూచుని పొలం చూస్తూ మాట్లాడే పెద్దమనిషి గొంతులా ఉండేదట.

హాస్టల్‌కి తిరిగొచ్చి ఫోన్లో పాత రికార్డింగులు వెతికి విన్నాను. తాత వర్ణనకి సరిపోయే గొంతు ఒక్కటే దొరికింది. అది జాన్ ఆర్లట్ ది. ఆయన గురించి చదువుతూ పోతే తెలిసింది, ఆ గొంతుని కూడా మొదట్లో మోటు గొంతు అన్నారని. ఆ మనిషి కథని మిత్రులకి చెప్పాలనే ఈ వ్యాసం.

ఆర్లట్ 1914 ఫిబ్రవరి 25న దక్షిణ ఇంగ్లండులో, హాంప్‌షైర్ జిల్లాలోని బేసింగ్‌స్టోక్ అనే చిన్న పట్నంలో పుట్టాడు. వాళ్ళ ఇల్లు ఊరి శ్మశానం గేటు పక్కనే. తండ్రి ఆ శ్మశానం బాగోగులు చూసే ఉద్యోగి. చుట్టూ పల్లెలు, పొలాలు. ఆ ప్రాంతంవాళ్ళ ఇంగ్లీషులో అక్షరాలు సాగుతాయి, 'ర'కారం నాలుక మీద దొర్లుతుంది. లండన్ పెద్దమనుషులకి అది పాలేరు భాష. ఆర్లట్ నోట్లో పడ్డది ఆ భాషే.

పన్నెండేళ్ళ వయసులో 1926లో ఓవల్లో ఆస్ట్రేలియాతో జరిగిన టెస్టు చూశాడు. అక్కడ జాక్ హాబ్స్ ఆట చూసి జీవితాంతం ఆయనకి భక్తుడైపోయాడు. హాబ్స్ కూడా పేదింటివాడే, కేంబ్రిడ్జిలో ఒక కాలేజీ మైదానం చూసుకునే మనిషి కొడుకు. తర్వాతి రోజుల్లో హాబ్స్ పుట్టినరోజున ఏటా అభిమానులంతా కలిసి భోంచేసే ఒక సంఘాన్ని ఆర్లట్ నిలబెట్టాడు.

చదువు దగ్గర మాత్రం ఆయనకి అదృష్టం లేదు. హెడ్మాస్టరుతో పడక బడి వదిలేశాడు. డిగ్రీ మాట అటుంచి, కాలేజీ గడపే తొక్కలేదు. మానసిక రోగుల ఆస్పత్రిలో భోజనాల లెక్కలు చూసే గుమస్తాగా కొన్నాళ్ళు పనిచేశాడు. 1934లో సౌతాంప్టన్ పోలీసు శాఖలో కానిస్టేబుల్‌గా చేరాడు. పదకొండేళ్ళు ఆ యూనిఫాం వేశాడు. యుద్ధకాలంలో ఆ ఓడరేవు మీద బాంబులు కురిసినప్పుడు ఆయన అక్కడే డ్యూటీలో ఉన్నాడు. బీటు తిరగడం అయిపోయాక పాత పుస్తకాల షాపులు తిరిగేవాడు. చదివీ చదివీ తానే పద్యాలు రాయడం మొదలుపెట్టాడు. యుద్ధం ముగిసేలోగా అవి పుస్తకంగా వచ్చాయి. పద్యాలు రాసే పోలీసు అనే వింత జనం నోట్లో పడింది. జాన్ బెట్జెమన్ వంటి పేరున్న కవి ఆయన్ని రేడియో వాళ్ళకి పరిచయం చేశాడు.

1945లో ఆర్లట్ పోలీసు ఉద్యోగం వదిలి బి.బి.సి.లో చేరాడు. పని, తూర్పు దేశాలకి వెళ్ళే ప్రసారాల్లో సాహిత్య కార్యక్రమాలు తయారుచెయ్యడం. కొన్నేళ్ళ ముందు జార్జి ఆర్వెల్ పనిచేసిన విభాగమది. తూర్పు దేశాలంటే ముఖ్యంగా మన దేశమే. డిలన్ థామస్ వంటి కవుల చేత పద్యాలు చదివించి సముద్రాల ఇవతలికి పంపేవాడు. క్రికెట్‌తో ఉద్యోగరీత్యా ఏ సంబంధమూ లేదు.

ఆ సంబంధం కలిపింది మన జట్టే. ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. 1946 వేసవిలో పటౌడీ నవాబు నాయకత్వంలో భారత జట్టు ఇంగ్లండు వెళ్ళింది. దేశం ఇంకా రెండు ముక్కలు కాలేదు. తర్వాత పాకిస్తాన్ తరఫున ఆడిన హఫీజ్ కర్దార్ కూడా ఆ జట్టులోవాడే. తెలుగు మూలాలున్న సి.కె. నాయుడు తమ్ముడు సి.ఎస్. నాయుడు కూడా ఉన్నాడు. ఆ పర్యటన కబుర్లు ఇండియాలో శ్రోతలకి చెప్పాలి. సాహిత్య విభాగంలో ఆర్లట్‌కి క్రికెట్ పిచ్చి ఉందని పైవాళ్ళకి తెలుసు. మొదట ఒకటి రెండు మ్యాచ్‌లకి వెళ్ళి రమ్మన్నారు. మే 4న వూస్టర్‌లో మొదటి మ్యాచ్. అక్కడే ఆర్లట్ మొదటిసారి ఆట ముందు మైకు పట్టుకున్నాడు.

అంటే ఆయన గొంతుని కామెంటరీలో మొట్టమొదట విన్నది ఇంగ్లండువాళ్ళు కాదు, మనవాళ్ళు. శ్రోతలకి నచ్చడంతో పర్యటన అంతా ఆయన్నే తిప్పారు. ఓవల్లో సర్రే జట్టు మీద పదో నంబరు ఆటగాడు సర్వటే, పదకొండో నంబరు ఆటగాడు బెనర్జీ ఇద్దరూ సెంచరీలు కొట్టి ఆఖరి వికెట్‌కి 249 పరుగులు చేర్చిన పర్యటన అది. ఆర్లట్ రాసిన మొదటి క్రికెట్ పుస్తకం కూడా ఆ పర్యటన మీదే.

ఇండియా శ్రోతలకి పనికొచ్చిన గొంతు సొంత దేశంలో పనికొస్తుందా అన్న ప్రశ్న అప్పుడు వచ్చింది. ఆ రోజుల్లో బి.బి.సి.లో మాట్లాడేవాళ్ళంతా దాదాపు ఒకే అచ్చులో పోసినట్టుండేవాళ్ళు. పెద్ద బళ్ళు, పెద్ద యూనివర్సిటీలు, మిలటరీ ఆఫీసర్ల ఉచ్చారణ. వాళ్ళ మధ్య ఈ కానిస్టేబుల్ యాస. ప్రసారాల పెద్ద ఒకాయన ఆర్లట్‌ని పిలిచి, గొంతు మోటుగా ఉన్నా ఆలోచన బాగుందని చెప్పాడట. పొగడ్తో తిట్టో తేల్చుకోలేని మాట. అదే నాకైతే ఆ రోజే మైకు వదిలేసి వచ్చేద్దును. ఆర్లట్ మైకూ వదల్లేదు, యాసా వదల్లేదు. పేరు పెరిగిన కొద్దీ ఆ పల్లె పలుకు ఇంకాస్త చిక్కబడిందని స్నేహితులు ఎగతాళి చేసేవాళ్ళు కూడాను.

గొంతు ఒక్కటే అయితే ఇంత కథ లేదు. ఆ గొంతుతో ఏం చెప్పాడన్నదే ముఖ్యం. స్కోరు చెప్పి ఊరుకోవడం ఆయన పద్ధతి కాదు. బౌలరు పరుగెత్తే తీరు, పిచ్ మీద మట్టి రంగు, పడమర నుంచి కమ్ముకొచ్చే మబ్బు, మైదానంలో దిగి పురుగులేరుకునే పావురాలు, అన్నీ చెప్పేవాడు. వింటూ ఉంటే నాకు మా తాత పొద్దున్నే చేను చూసొచ్చి మా మామ్మకి చెప్పే తీరు గుర్తొచ్చింది. తాత కూడా ఎన్ని బస్తాలొస్తాయన్నది ముందు చెప్పడు. గాలి ఎటుందో, ఆకు రంగెలా ఉందో, ఏ మడిలో నీరు నిలిచిందో చెప్తాడు. వినేవాడికి చేను కళ్ళకి కడుతుంది. పంట అంచనా దానంతటదే తెలుస్తుంది.

1948 ఆగస్టు 14న ఓవల్లో డాన్ బ్రాడ్మన్ ఆఖరి టెస్టు ఇన్నింగ్స్‌కి దిగినప్పుడు మైకు దగ్గరున్నది ఆర్లటే. నాలుగు పరుగులు చేస్తే చాలు, సగటు వంద. ప్రత్యర్థి ఆటగాళ్ళు జేజేలు కొట్టి ఆహ్వానించారు. హోలీస్ వేసిన రెండో బంతికి బ్రాడ్మన్ సున్నాకి బౌల్డయ్యాడు. సగటు 99.94 దగ్గర ఆగిపోయింది. అలాంటి క్షణంలో ఇంకొకరైతే కేకలు పెడతారు. ఆర్లట్ కాసేపు ఆగి, అంతటి ఆదరణ తర్వాత అలాంటి చోట ఆఖరిసారి ఆడేవాడి కళ్ళకి బంతి సరిగ్గా ఆనుతుందా అని మెల్లగా ఆశ్చర్యపోయాడు. ఆ రికార్డింగు నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

టెలివిజన్ వచ్చాక కూడా ఆయన తన దారిలోనే నడిచాడు. 1969లో ఇంగ్లండులో ఆదివారాలు నలభై ఓవర్ల లీగు పోటీలు మొదలయ్యాయి. బి.బి.సి. రెండో ఛానెల్లో వాటికి ఆర్లట్, పాత స్పిన్నరు జిమ్ లేకర్ కామెంటరీ చెప్పేవాళ్ళు. రేడియోలో బొమ్మని మాటలతో గీయాలి. టి.వి.లో బొమ్మ ముందే ఉంది. కాబట్టి అక్కడ మాటలు తగ్గించాలి. ఈ చిన్న తేడా నేటి మన కామెంటేటర్లలో చాలామందికి పట్టినట్టు లేదు. బంతి బంతికీ అరుపే.

ఇక ఆర్లట్ జీవితంలో అసలైన పరీక్ష. 1948లో ఇంగ్లండు జట్టు వెంట ఆయన దక్షిణాఫ్రికా వెళ్ళాడు. రంగుని బట్టి మనుషుల్ని వేరుచేసే వర్ణవివక్ష ప్రభుత్వం ఆ ఏడే గద్దెనెక్కింది. ఆర్లట్ నల్లజాతి వాడల్లోకి వెళ్ళి అక్కడి బతుకు చూశాడు. తిరుగు ప్రయాణంలో అధికారులిచ్చిన ఫారంలో జాతి అన్న గడి ఉంది. అందులో ఆయన మనిషి అని రాశాడని చెబుతారు. 1950లో ఒక రేడియో చర్చలో ఆ ప్రభుత్వాన్ని నాజీలతో పోల్చాడు. దానితో ఆ కార్యక్రమం నుంచి ఆయన్ని కొంతకాలం దూరంగా పెట్టారు.

1958 ప్రాంతాల్లో కేప్‌టౌన్ నుంచి ఆయనకి ఒక ఉత్తరం వచ్చింది, ఆకుపచ్చ సిరాతో రాసినది. రాసినవాడు బాసిల్ డి ఒలివీరా. గొప్ప ఆటగాడు. కాని తెల్లవాడు కానందుకు సొంత దేశం జట్టులో చోటులేదు. ఇంగ్లండులో ఎక్కడైనా ఆడే అవకాశం ఇప్పించగలరా అని ప్రార్థన. ఆర్లట్‌కి రోజూ వచ్చే ఉత్తరాలు ఎన్నో. ఇది పక్కన పెట్టలేదు. తెలిసినవాళ్ళనల్లా అడిగాడు. జాన్ కే అనే పత్రికా విలేఖరి సాయంతో 1960లో లాంకషైర్ ప్రాంతంలోని మిడిల్‌టన్ క్లబ్బులో 450 పౌండ్లకి ఒక సీజను పని కుదిర్చాడు. విమానం ఖర్చుకి కేప్‌టౌన్ పేదలు చందాలు వేసుకున్నారు.

ఆ డి ఒలివీరా 1966లో ఇంగ్లండు టెస్టు జట్టులోకి వచ్చాడు. 1968 ఆగస్టులో ఆస్ట్రేలియా మీద ఓవల్లో 158 పరుగులు కొట్టాడు. కొద్దిరోజుల్లోనే దక్షిణాఫ్రికా పర్యటనకి జట్టుని ప్రకటిస్తే అందులో ఆయన పేరు లేదు. దేశమంతా గొడవ రేగింది. గాయంతో కార్ట్‌రైట్ తప్పుకున్నాక డి ఒలివీరాని తీసుకున్నారు. అలాంటి జట్టుని రానివ్వనన్నాడు దక్షిణాఫ్రికా ప్రధాని ఫోర్‌స్టర్. సెప్టెంబరులో పర్యటన రద్దయింది.

ఇంత జరిగినా 1970 వేసవికి దక్షిణాఫ్రికా జట్టుని ఇంగ్లండు బోర్డు ఆహ్వానించింది. క్రికెట్ వేరు, రాజకీయం వేరు అని పెద్దలు వాదించారు. ఆర్లట్‌కి అప్పటికి యాభై ఆరేళ్ళు. మాటే ఆయన జీవనం. ఆ మ్యాచ్‌లకి తాను కామెంటరీ చెప్పనని గార్డియన్ పత్రికలో రాసేశాడు. జీవితమంతా మాట్లాడి సంపాదించుకున్న గొంతుని ఒక అన్యాయం దగ్గర మూసుకున్నాడు. చివరికి మే నెలలో ప్రభుత్వం కోరడంతో ఆ పర్యటన కూడా రద్దయింది.

ఇక్కడ నేను కాసేపు పుస్తకం మూసి కూచున్నాను. నేనూ రెండేళ్ళు నోరు మూసుకున్నాను. ఆయనా ఒక వేసవి మూసుకోడానికి సిద్ధపడ్డాడు. రెండూ ఒకటి కావు. నాది భయం. ఆయనది నిర్ణయం. మాట్లాడ్డం చేతనైనవాడి మౌనానికే విలువ ఉంటుంది.

ఆ మనిషి జీవితంలో సుఖం తక్కువ. 1958 ఫిబ్రవరిలో మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ జట్టుతో బెల్‌గ్రేడ్ వెళ్ళవలసింది ఆయనే. ఆఖర్న ఆయనకి బదులు సాటి విలేఖరి డాన్ డేవిస్ వెళ్ళాడు. తిరుగు దారిలో మ్యూనిక్‌లో విమానం కూలి చనిపోయినవారిలో డేవిస్ ఒకడు. 1965 డిసెంబరు ఆఖరున పెద్ద కొడుకు కారు ప్రమాదంలో పోయాడు. ఆనాటి నుంచి ఆర్లట్ నల్ల టై కట్టుకోవడం మానలేదు. 1976లో రెండో భార్య వాలెరీ చనిపోయింది. దుఃఖం ఎంతున్నా వేసవి రాగానే మైకు ముందుకి వచ్చేవాడు. 1968 నుంచి వృత్తి ఆటగాళ్ళ సంఘానికి అధ్యక్షుడు కూడా ఆయనే. ఆటగాళ్ళు ఆయన్ని తమవాడని నమ్మారు.

1980 సెప్టెంబరు 2. లార్డ్స్‌లో ఇంగ్లండు, ఆస్ట్రేలియాల శతవార్షిక టెస్టు ఆఖరి రోజు. ఆర్లట్‌కి కూడా అది ఆఖరి టెస్టు కామెంటరీ. ముప్ఫయి అయిదేళ్ళ పని ముగుస్తోంది కాబట్టి పెద్ద వీడ్కోలు ప్రసంగం ఉంటుందని అందరూ ఎదురు చూశారు. ఆయన తన వంతు ఇరవై నిమిషాలూ మామూలుగా చెప్పి, తర్వాత మాట్లాడేవాళ్ళ పేర్లు చెప్పి లేచిపోయాడు. అంతే. కొద్దిసేపటికి మైదానంలో లౌడ్‌స్పీకర్ ఆ సంగతి ప్రకటించింది. జనం లేచి చప్పట్లు కొట్టారు. ఆట ఆగింది. మైదానంలో ఉన్న ఆటగాళ్ళు కామెంటరీ గది వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. బ్యాటింగు చేస్తున్న బాయ్‌కాట్ గ్లవ్ తీసి మరీ కొట్టాడు. ఒక్క టెస్టయినా ఆడని మనిషికి రెండు దేశాల జట్లు ఇచ్చిన గౌరవం అది.

తర్వాత ఆల్డర్నీ అనే చిన్న ద్వీపంలో స్థిరపడ్డాడు. ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. అంత నిండైన గొంతుకి చివరి రోజుల్లో ఊపిరి చాలలేదు. బేసింగ్‌స్టోక్ బాయ్ అని ఆత్మకథ రాసుకున్నాడు. అందులో నేను అని కాక, పక్కవాడి కథ చెప్తున్నట్టు అతను అని రాసుకున్నాడు. అయినా పుస్తకం పేరులో ఊరి పేరు వదల్లేదు. 1991 డిసెంబరు 14న కన్నుమూశాడు. దానికి నెల ముందు, నవంబరు 10న, దక్షిణాఫ్రికా జట్టు ఇరవై ఒక్క ఏళ్ళ బహిష్కారం తర్వాత మళ్ళీ అంతర్జాతీయ మైదానంలో దిగింది. దిగిన చోటు మన కలకత్తా ఈడెన్ గార్డెన్స్. ఇండియాకి మాట్లాడ్డంతో మొదలైన ఆ గొంతు, ఏ తలుపు మూయాలని పోరాడిందో, మనుషులు మారాక ఆ తలుపు ఇండియాలోనే తెరుచుకోవడం దాకా బతికి ఉంది.

నా సంగతి కూడా చెప్పి ముగిస్తాను. మరునాడు స్పోర్ట్స్ సెక్రటరీ దగ్గరికి వెళ్ళి మైకు నేను పట్టుకుంటానన్నాను. సెకండియర్, థర్డియర్ జట్ల మధ్య ఫైనల్ మ్యాచ్. మొదటి ఓవర్లోనే సెప్తాను అన్నాను. షామియానా కింద ఇద్దరు నవ్వారు. గుండె దడదడలాడింది. తల తిప్పి మైదానం చూశాను. తూర్పు నుంచి గాలి తిరిగింది, పిచ్ ఒక కొస ఊడ్పుకి తొక్కిన మడిలా మెత్తగా ఉంది, అక్కడ పడ్డ బంతి లేవదు. అదే చెప్పాను. రెండు బంతుల తర్వాత నిజంగానే ఒక బంతి లేవక బ్యాట్స్‌మన్ బౌల్డయ్యాడు. మళ్ళీ ఎవరైనా నవ్వారేమో నేను గమనించలేదు. ఆట చెప్పే పనిలో ఉన్నాను.

మిత్రులారా, పల్లెల నుంచి ఈ కాలేజీకి వచ్చినవాళ్ళం మనలో సగానికి పైగానే ఉంటాం. పరీక్షలకి, ఇంటర్వ్యూలకి కావలసిన భాష నేర్చుకుందాం, తప్పులేదు. ఆర్లట్ కూడా రాత్రిళ్ళు కూచుని చదువుకున్నవాడే. కాని ఇంటి దగ్గర అమ్మ, తాత మనకిచ్చిన పలుకుని గేటు బయట వదిలేసి రావలసిన పనిలేదు. చెప్పడానికి విషయం సంపాదించుకుంటే చాలు. అది ఏ యాసలో చెప్పినా వినేవాళ్ళుంటారు.